ఫిల్టర్ కాఫీ పొడితో కోల్డ్ బ్రూ ఎందుకు కుదరలేదు?

ప్రశ్న: మాది రాజమండ్రి. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఇంటి నుంచి పని చేసుకుంటానని ఈ వేసవిలో నెల రోజులకు వచ్చింది. అక్కడ ఆఫీసు పక్కనున్న కేఫ్‌లో రోజూ కోల్డ్ బ్రూ, అంటే పొడిని చన్నీళ్లలో గంటల తరబడి నానబెట్టి తీసే కాఫీ, తాగేదట, గ్లాసు 250 రూపాయలట. అదేదో ఇంట్లోనే చేసిపెడదామని, మేం రోజూ వాడే ఫిల్టర్ కాఫీ పొడి ఐదు చెంచాలు లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా వంటగది గట్టు మీద ఉంచాను. పొద్దున చూస్తే బురద నీళ్లలా ఉంది. టీ వడకట్టుతో వడకట్టినా పొడి దిగిపోయింది. తాగితే కషాయంలా చేదు, పైగా ఏదో పులిసిన వాసన. నన్ను బాధపెట్టకూడదని అమ్మాయి రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. తప్పెక్కడ జరిగింది? వేరే మెషీన్ ఏదైనా కొనాలా? మావారికి కాఫీ తాగితే గ్యాస్, గుండెల్లో మంట. కోల్డ్ బ్రూలో యాసిడ్ ఉండదు, ఆయనా తాగొచ్చు అని ఎవరో అన్నారు. నిజమేనా? అమ్మాయి తిరిగి వెళ్లేటప్పుడు సీసాలో పోసి ఇవ్వొచ్చా?

సమాధానం: ముందు మీరు దిగులు మానేయండి. ఇందులో మీ చేతి తప్పేమీ లేదు. తప్పు ముప్పాతిక వంతు ఆ పొడిది, మిగతాది రాజమండ్రి ఎండాకాలానిది. ఈ రెండూ సరిచేసుకుంటే మీ ఇంట్లో ఉన్న గిన్నెలతోనే మీ అమ్మాయి గ్లాసు ఖాళీ చేసే కోల్డ్ బ్రూ తయారవుతుంది.

ఒకసారి మీ కాఫీ పొడి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని రాసి ఉంటుంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశంలో నిబంధన. అంటే దాదాపు సగం దాకా చికోరీ ఉన్నా అది చట్టం ప్రకారం కాఫీ పొడే. చికోరీ అంటే కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి పొడి కొడతారు. అందులో కెఫీన్ ఉండదు. వేయించిన కాఫీ గింజలో నీళ్లలో కరిగే సరుకు మూడో వంతు కూడా ఉండదు. చికోరీలో సగానికి పైగా కరిగిపోతుంది, అదీ తేలిగ్గా. అందుకే పాలు పోసి తాగే మన ఫిల్టర్ కాఫీకి చికోరీ అంత బాగా అతుకుతుంది. డికాషన్‌కు చిక్కదనం వస్తుంది, రంగు వస్తుంది, పాలు ఎన్ని పోసినా కాఫీ తేలిపోదు.

మీరు లీటరు నీళ్లకు వేసింది ఐదు చెంచాలే. పొడి లెక్కన చూస్తే అది చాలా తక్కువ. ఉత్త కాఫీ పొడి అయితే ఆ మాత్రానికి పలచని టీ నీళ్ల రంగు రావాలి. మీకేమో నల్లగా, కషాయంలా దిగింది. ఆ రంగు, ఆ చేదు చాలావరకు చికోరీవి. చన్నీళ్లలో కాఫీ నెమ్మదిగా కదులుతుంది, చికోరీ మాత్రం ముందే పరుగెత్తుకొచ్చి సీసా అంతా ఆక్రమించేస్తుంది. పాలు, పంచదార, వేడి ఉన్నప్పుడు కమ్మగా అనిపించే ఆ వేరు రుచి, చల్లగా, నల్లగా తాగేటప్పుడు వేరు రుచిగానే తెలుస్తుంది.

రెండో సంగతి పొడి మెత్తదనం. ఫిల్టర్ కోసం ఆడించిన పొడి మెత్తగా ఉంటుంది. వేడి నీళ్లు పది, పదిహేను నిమిషాల్లో దాని గుండా దిగి వెళ్లిపోవాలి కాబట్టి అక్కడ ఆ మెత్తదనం కావాలి. కోల్డ్ బ్రూలో పొడి నీళ్లలోనే గంటల తరబడి నానుతుంది. మెత్తటి పొడి అన్నిసేపు నానితే చేదూ వగరూ అన్నీ వదిలేస్తుంది, చివరికి వడకట్టుకు కూడా దొరకదు. మీ బురద అదే.

కాబట్టి అడగాల్సింది చికోరీ లేని కాఫీ, కచ్చాపచ్చాగా ఆడించింది. ఎంత కచ్చాపచ్చా అంటే, బొంబాయి రవ్వ కంటే పెద్దగా, ఇడ్లీ రవ్వ కంటే కూడా కాస్త పెద్దగా, గోధుమ నూక సైజులో ఉండాలి. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపితే పలుకులు విడివిడిగా గుచ్చుకోవాలి. వేళ్లకు గోధుమరంగు దుమ్ము అంటుకుంటే అది మెత్తబడిందని గుర్తు.

గింజల సంగతి. మీకు దగ్గర్లోనే మంచి గింజలున్నాయండీ. అరకులో పండేది అరబికా అనే కాఫీ రకం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయిన ఆ మన్యంలో, సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల ఎత్తులో గిరిజన రైతులు పండిస్తారు. పెద్ద పెద్ద సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1956 నుంచి గిరిజనుల సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ, మనందరం జీసీసీ అంటామే, దాని దుకాణాల్లో ఈ కాఫీ అమ్ముతారు. అక్కడ కొన్నా సరే ప్యాకెట్ మీద చికోరీ సంగతి చదివి తీసుకోండి. గింజలుగా దొరికితే ఇంకా మంచిది. అరకు కాఫీ చన్నీళ్లలో చాలా బాగా పలుకుతుందని నా నమ్మకం. చాక్లెట్, ఎండు ఫలాలు గుర్తొచ్చే ఒక మెత్తని తీపి ఉంటుంది. వేడిగా పాలు పోసి తాగినప్పుడు ఆ తీపి నాకెప్పుడూ అంత స్పష్టంగా తెలియలేదు.

చిక్‌మగళూరు, కొడగు గింజలైనా బాగుంటాయి. దుకాణంలో అట్టముక్కల మీద రాసి ఉండే పేర్లు చూసి కంగారు పడకండి. ప్లాంటేషన్ అని ఉంటే అది కడిగి ఆరబెట్టిన అరబికా. చెర్రీ అంటే పండు పండుగానే ఎండబెట్టింది. పీబెర్రీ అంటే ఒక్కో కాయలో రెండు బద్దలకు బదులు ఒకే గుండ్రటి గింజ వచ్చినది. ప్లాంటేషన్ ఎ గ్రేడు గానీ పీబెర్రీ గానీ అడగండి. మొత్తం రోబస్టా అనే రెండో రకం అయితే మాత్రం వద్దు. దానిలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు, రుచి కూడా మోటుగా ఉంటుంది. వేపుడు మధ్యస్థంగా ఉండాలి. గింజ నల్లగా మాడి నూనె తేలుతుంటే అది చన్నీళ్లకు పనికిరాదు.

ఆడించే చోట ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట్లో నేను మా ఊళ్లో ఒక కాఫీ కొట్టుకు వెళ్లి "చికోరీ వద్దు, రవ్వలా ఆడించండి" అని అడిగాను. ఆయన బాగానే మీట తిప్పి, గింజలు పోసి, పొట్లం కట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి పళ్లెంలో పోస్తే నూకల మధ్య మెత్తటి ముదురు రంగు పొడి చారలు చారలుగా కనిపించింది. నాకంటే ముందు వచ్చినవాళ్ల పొడి మెషీన్ గొట్టంలో మిగిలిపోయి, నా పొట్లంలో పడింది. పావుకిలో గింజలు, ఒక రోజు నానడం, రెండూ వృథా. అప్పటి నుంచి ఒక గుప్పెడు గింజలు ముందు మెషీన్‌లో ఆడించి, ఆ మొదటి పొడి వేరే కాగితంలో కట్టమంటాను. అదే మర్నాడు ఫిల్టర్‌లో వేసుకుంటాను. మీరూ అలాగే అడగండి. కొట్టువాళ్లు ఏమీ అనుకోరు.

కొట్టు దూరమైతే మిక్సీ ఉంది కదా. పొడులు కొట్టుకునే చిన్న జార్ తీసుకోండి. అందులో కారప్పొడి, ధనియాల వాసన కచ్చితంగా ఉంటుంది. గుప్పెడు పొడి బియ్యం వేసి ఒకసారి తిప్పి పారబోస్తే వాసన పోతుంది. గింజలు ఒక్కో విడతకు 50 గ్రాములకు మించకుండా వేయండి. మిక్సీని ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి, అడుగున పిండి, పైన గింజలు మిగులుతాయి. మీటను వెనక్కి తిప్పి ఒక్క క్షణం, వదిలేసి, జార్ కుదిపి మళ్లీ ఒక్క క్షణం. ఇలా ఎనిమిది, పది సార్లు చాలు. తర్వాత పిండి జల్లెడలో పోసి జల్లిస్తే మెత్తటి దుమ్మంతా కిందికి రాలిపోతుంది. పైన మిగిలిన నూకే మనకు కావాల్సింది. రాలిన దుమ్మును పారేయకండి, పొద్దున ఫిల్టర్‌కు అది అమృతం. ఈ ఒక్క జల్లెడ పనితో సీసా అడుగున చేరే బురద సగానికి తగ్గుతుంది.

కొలతకు వస్తే 100 గ్రాముల కాఫీ నూకకు 800 మిల్లీలీటర్ల నీళ్లు. చెంచాలతో వద్దు, నూక గుల్లగా ఉంటుంది కాబట్టి చెంచా లెక్క తప్పుతుంది, తూకం వేయండి. తడిసిన కాఫీ తన బరువుకు రెట్టింపు నీళ్లు పట్టుకుని ఉండిపోతుంది కాబట్టి చివరికి మీకు 600 మిల్లీలీటర్ల దాకా వస్తుంది, అంటే నాలుగు గ్లాసులు. ఇది ఐస్ వేసుకుని నేరుగా తాగడానికి. పాలు కలుపుకునేట్టయితే 100 గ్రాములకు 500 మిల్లీలీటర్లే పోయండి. చిక్కగా వస్తుంది, సగానికి సగం చల్లటి పాలు పడతాయి. నీళ్లు మీరు రోజూ తాగే మంచినీళ్లే వాడండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం వద్దు, ఆ ఉప్పదనం కాఫీలో దాగదు.

గాజు సీసా మంచిది. పాత హార్లిక్స్ గాజు సీసా ఉంటే అంతకన్నా కావాల్సింది లేదు. ఆవకాయ పోసిన జాడీ ఎంత కడిగినా వద్దు. సీసా వాసన పోయినా మూతలోని రబ్బరు వదలదు. నూక వేసి నీళ్లు పోయగానే అది పైకి తేలి మందంగా టోపీలా నిలబడుతుంది, కింద నీళ్లు తెల్లగానే ఉంటాయి. పొడవాటి చెంచాతో మెల్లగా కిందికి నొక్కి కలపండి. ఐదు నిమిషాలాగి ఇంకోసారి. అంతా తడిసిందని తేలాక మూత పెట్టి, గట్టు మీద కాదు, నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేయండి.

మీ సీసా పులిసిన వాసన వచ్చిందన్నారే, కారణం ఆ గట్టే. గది ఉష్ణోగ్రతలో పన్నెండు గంటలు ఉంచమని చాలాచోట్ల చెబుతారు. చలిదేశాల వాళ్లు చెప్పే ఆ గది 20, 22 డిగ్రీల గది. మే నెలలో రాజమండ్రి వంటగది రాత్రి రెండు గంటలకు కూడా 30కి దిగదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, 30, 35 దగ్గర మరీ హాయిగా పెరుగుతాయి. ఊరగాయకు ఉప్పూ నూనే కాపలా ఉంటాయి, మజ్జిగకు పులుపు కాపలా. కోల్డ్ బ్రూకు ఏ కాపలా లేదు. అంత పులుపూ లేదు, ఉప్పూ లేదు, మరిగించిందీ లేదు. దానికి ఉన్న రక్ష ఫ్రిజ్ ఒక్కటే. అందుకే ఇంకెప్పుడైనా వాసన తేడాగా ఉంటే రుచి చూడకుండానే పారబోయండి. డబ్బులు పోసి కొన్న పొడి అని మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. అయినా పారబోయండి.

ఫ్రిజ్‌లో కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది. 16 నుంచి 18 గంటలు. సాయంత్రం టీ పెట్టుకునే వేళ, ఐదింటికి కలిపారనుకోండి, మర్నాడు పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య తీస్తే అమ్మాయి మీటింగుల మధ్య తాగే వేళకు అందుతుంది. 14 గంటలప్పుడు ఒక చెంచాడు తీసి రుచి చూడండి. పలచగా, ఉత్త నీళ్లలా ఉంటే ఇంకో రెండు మూడు గంటలు. 24 గంటలు దాటనివ్వకండి, చెక్క నమిలినట్టు వగరు వచ్చేస్తుంది. మధ్యలో కరెంటు గంటో గంటన్నరో పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే ఇబ్బంది లేదు.

ఇక వడకట్టడం. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ముందు టీ వడకట్టుతో పోసి పెద్ద పిప్పినంతా తీసేయండి. తర్వాత పాత నూలు పంచె ముక్క, బాగా వాడి మెత్తబడినది తీసుకోండి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, పనికిరాదు. ఆ ముక్కను సబ్బు లేకుండా మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉడికించి ఉంచుకుని, దీనికే కేటాయించండి. బట్టల సువాసన ద్రవం ఒక్కసారి తగిలినా కాఫీ ఆ వాసనే వేస్తుంది. గుడ్డను చన్నీళ్లలో తడిపి, పిండి, రెండు మడతలు వేసి గిన్నె మీద వదులుగా పరవండి. తడపకపోతే గుడ్డే మొదటి అరగ్లాసు తాగేస్తుంది.

గరిటెతో కొంచెం కొంచెంగా పోయండి. మొదట గబగబా దిగుతుంది, తర్వాత చుక్కచుక్కగా మారుతుంది. గుడ్డ మీద చాక్లెట్ రంగు జిగురు పొర ఏర్పడి దారాల సందులు మూసుకుపోతాయి. అప్పుడు గుడ్డను మూటకట్టి పిండాలనిపిస్తుంది. చింతపండు రసం తీసి అలవాటైన చేతులు కదా, ఊరుకోవు. పిండొద్దండీ. పిండితే ఇంతసేపూ ఆ పొర పట్టి ఉంచిన మెత్తటి బురద, వగరు అంతా కిందికి దిగిపోతుంది. గుడ్డను ఎత్తి, కొళాయి కింద జాడించి, మళ్లీ పరవండి. 600 మిల్లీలీటర్లకు రెండు సార్లు జాడిస్తే చాలు.

వడకట్టింది మళ్లీ సీసాలో పోసి ఫ్రిజ్‌లో రెండు గంటలు కదపకుండా ఉంచండి. మిగిలిన ఆ కాస్త మడ్డీ అడుగున చేరుకుంటుంది. పైన తేటను వంచుకుని అడుగున వేలెడు మందం వదిలేస్తే, కాఫీ గాజులోంచి ఎర్రగా, తేనె రంగులో మెరుస్తుంది. కిటికీ వెలుగుకు పట్టి చూడండి. మీరు ఇంతకు ముందు చేసిన దానికీ దీనికీ తేడా నోట్లో పోసుకోకముందే తెలిసిపోతుంది.

అమ్మాయికి ఇచ్చేటప్పుడు గ్లాసు నిండా ఐస్ వేసి పోయండి. తీపి కావాలంటే పంచదార నేరుగా వేయకండి, చల్లటి దానిలో కరగక అడుగున ఇసుకలా కూర్చుంటుంది. గ్లాసు పంచదార, గ్లాసు నీళ్లు కలిపి పొయ్యి మీద కరిగేదాకా ఉంచి దించేయండి, తీగ పాకం దాకా పోవద్దు. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారం, పది రోజులు వస్తుంది. తాటి బెల్లంతో ఇలాగే చేసుకుంటే నాకు ఇంకా ఇష్టం, కాకపోతే ఇసుక ఉంటుంది, వడకట్టాలి. పాలు పోసేట్టయితే కాచి, బాగా చల్లార్చి, మీగడ పూర్తిగా తీసేసిన పాలు. చల్లటి కాఫీలో మీగడ తునకలు తేలితే పంటికి తగిలి తాగబుద్ధి కాదు. పాలు ఎప్పటికప్పుడు గ్లాసులో కలుపుకోవాలి, సీసాలో కలిపి దాచకూడదు. మీకు కొబ్బరి బోండాలకు కొరత లేదు కాబట్టి ఒకరోజు ఇది చేసి చూడండి: లేత బోండం నీళ్లు రెండు వంతులు, చిక్కటి కోల్డ్ బ్రూ ఒక వంతు, ఐస్. పంచదార అక్కర్లేదు.

నేరుగా తాగే రకం మూడు, నాలుగు రోజుల్లో పూర్తిచేయండి. చిక్కటిది వారం. పిప్పిని ఎండబెట్టి కొంచెం కొంచెంగా మట్టిలో కలిపితే గులాబీలకు మంచిది.

ఇప్పుడు మీవారి సంగతి. కోల్డ్ బ్రూలో యాసిడ్ ఉండదన్న మాట నిజం కాదు. వేడిగా కాచిన కాఫీ, చన్నీళ్ల కాఫీ పక్కపక్కన పెట్టి 2018లో అమెరికాలో పరీక్షించినప్పుడు రెండిటి పీహెచ్, అంటే పులుపును చెప్పే కొలత, దాదాపు ఒకటేగా, 4.85 నుంచి 5.13 మధ్య తేలింది. అయితే మొత్తం ఆమ్లాల మోతాదు మాత్రం వేడి కాఫీలో ఎక్కువగా ఉంది. నాలుకకు కోల్డ్ బ్రూ మెత్తగా అనిపించడానికి అదొక కారణం. కొందరికి కడుపులోనూ తేలిగ్గా ఉంటుంది. కానీ గుండెల్లో మంటకు కెఫీన్ కూడా కారణం కావొచ్చు, అది ఇందులో ఏమీ తగ్గదు.

ఆయన గ్యాస్‌కు ఇంకో రెండు దారులున్నాయి, అవి కాఫీ గింజవి కావు. చికోరీ వేరులో ఇన్యులిన్ అనే పీచు ఉంటుంది, అది పేగుల్లో పులిసి కొందరికి గ్యాస్ పట్టిస్తుంది. పాలలోని చక్కెర కొందరికి వయసు పెరిగేకొద్దీ అరగదు. కాబట్టి ఒక పని చేయండి. వారం రోజులు ఆయనకు చికోరీ లేని, పాలు లేని కోల్డ్ బ్రూ చిన్న గ్లాసు, అదీ ఇడ్లీయో ఉప్మాయో తిన్న తర్వాత ఇవ్వండి. పరగడుపున వద్దు. గ్యాస్ తగ్గితే గొడవ చికోరీతోనో పాలతోనో ఉన్నట్టు. మంట అలాగే ఉంటే ఆయనకు కాఫీయే పడట్లేదన్నమాట. అప్పుడు డాక్టరుకు చూపించండి, ఇప్పటికే అల్సర్ ఉందని చెప్పి ఉంటే ఈ ప్రయోగం కూడా అడిగే చేయండి. ఇంట్లో ఎవరైనా పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, మాత్రకూ కాఫీకీ మధ్య గంట విరామం ఉండాలి. వేడి కాఫీ అయినా చల్లదైనా మాత్రను సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్రలకు కూడా ఇదే వర్తిస్తుంది.

అమ్మాయికి కూడా ఒక మాట. చల్లగా, తియ్యగా ఉందని ఇది గడగడా తాగేస్తారు. 100 గ్రాముల అరబికాలో సుమారు 1.2 గ్రాముల కెఫీన్ ఉంటుంది, అందులో సగానికి పైగా నీళ్లలోకి దిగుతుంది. లెక్క వేస్తే పై కొలతతో చేసిన ఒక్కో 150 మిల్లీలీటర్ల గ్లాసులో 150 నుంచి 200 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు పరిమితి అంటారు. అంటే రెండు గ్లాసులు, అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటల దాకా పడుతుంది, కాబట్టి రెండో గ్లాసు మధ్యాహ్నం రెండు దాటకుండా తాగమనండి. గర్భిణులకైతే పరిమితి 200. వాళ్లకు చిన్న గ్లాసు కూడా నీళ్లు కలిపి ఇవ్వడమే మంచిది.

మెషీన్ అక్కర్లేదు. 1964లో అమెరికాలో టాడ్ సింప్సన్ అనే ఆయన ఇళ్లలో కోల్డ్ బ్రూ చేసుకోవడానికి తెచ్చిన పరికరం కూడా అడుగున రంధ్రం, దానికి మందపాటి వడపోత ముక్క, ఒక బిరడా ఉన్న బకెట్ లాంటిదే. మీ సీసా, పంచె ముక్క చేసే పనే అదీ చేస్తుంది. లోపల జల్లెడ గొట్టం ఉన్న సీసాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మీరు నెలకు నాలుగైదు సార్లు చేస్తూ ఉంటే, గుడ్డ జాడించడం విసుగనిపిస్తే అప్పుడు కొనుక్కోండి. డబ్బు పెట్టాలనుకుంటే ముందు గింజల మీద పెట్టండి, ఆ తర్వాత గ్రాములు చూపే చిన్న తూకం మీద.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు వెతుక్కుంటారు. పొద్దున్నే డికాషన్ దిగుతుంటే హాల్లో పడుకున్నవాళ్లను కూడా లేపే ఆ వాసన కోల్డ్ బ్రూలో రాదు. ఆ సువాసనను గాల్లోకి లేపేది వేడి. ఇక్కడ వేడి లేదు. అందుకే మీ ఫిల్టర్‌ను మాత్రం అటక ఎక్కించకండి. పొద్దున ఆరింటికి అది, పదకొండింటికి ఇది.

సీసాలో పోసి బెంగళూరుకు పంపొచ్చా అని అడిగారు. వద్దండీ. రాత్రంతా రైల్లోనో బస్సులోనో పదిహేను గంటలు చల్లదనం లేకుండా ఉంటే, మీ గట్టు మీద జరిగిందే సంచిలో జరుగుతుంది. దానికి బదులు అరకు గింజలు అరకిలో ఆడించి, 100 గ్రాముల చొప్పున ఐదు పొట్లాలు గాలి చొరకుండా కట్టి ఇవ్వండి. ఉడికించి ఆరబెట్టిన పంచె ముక్కలు రెండు, ఒక గాజు సీసా కూడా పెట్టండి. పొట్లానికి 800 మిల్లీలీటర్లు, సాయంత్రం ఐదింటికి ఫ్రిజ్‌లో, గుడ్డ పిండకూడదు అని ఒక చీటీ రాసి సీసాలో వేయండి. ఆడించిన పొడి వాసన మూడు వారాలు దాటితే తగ్గిపోతుంది కాబట్టి, పొట్లాలు అయిపోవచ్చే రోజుకు ఫోన్ చేసి మళ్లీ ఆడించి పంపండి.